సీఓపీడీ ఉన్నవాళ్లు రోజు గడపడం ఎలా? పంపు (ఇన్‌హేలర్) నుంచి స్నానాల గది దాకా

మా అమ్మ బీడీ ముట్టలేదు, చుట్ట ముట్టలేదు. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో మంట ఊదింది, అంతే. అరవై దాటాక వాకిలి దాకా నడిచినా ఆయాసం. "వయసు కదా" అని రెండేళ్లు మేమే తోసేశాం. చివరికి స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష, చేయిస్తే సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, అని తేలింది. ఇది పొగతాగే మగవాళ్ల జబ్బని మనవాళ్లు అనుకుంటారు గానీ, వంటింటి పొగ వల్ల తెచ్చుకున్న ఆడవాళ్లూ చాలామందే ఉన్నారు.

ముందు ఒక్క సంగతి అర్థమైతే మిగతావి తేలికవుతాయి. ఈ జబ్బులో గాలి లోపలికి పోవడం కన్నా బయటికి రావడమే ఎక్కువ కష్టం. వాచి ఇరుకైన ఊపిరి గొట్టాలు, గాలి వదిలేటప్పుడు ఇంకా మూసుకుపోతాయి. పాత గాలి లోపలే ఉండిపోతే కొత్త గాలికి చోటెక్కడిది? కాబట్టి ఎవరైనా ఆయాసపడుతుంటే పక్కన నిలబడి "గట్టిగా పీల్చు, పీల్చు" అనకండి. "మెల్లగా వదులు" అనండి.

1. ఊపిరి వదలడం నేర్చుకోండి

నోరు మూసి, ముక్కుతో రెండు లెక్కపెట్టేంతసేపు గాలి తీసుకోండి. తర్వాత పెదాలు సున్నాలా చుట్టి నాలుగు లెక్కపెట్టేంతసేపు వదలండి. బలంగా ఊదకూడదు. ఎదురుగా దీపం ఉందనుకుంటే వత్తి ఊగాలి, ఆరకూడదు. ఫిజియోథెరపిస్ట్ ఎన్నిసార్లు చూపించినా అమ్మకు పట్టుబడలేదు. "పొయ్యి ఊదినట్టే అమ్మా, కాకపోతే బద్ధకంగా" అన్నాను. నవ్వింది, వెంటనే పట్టేసింది.

ఇది కుదురుగా ఉన్నప్పుడే రోజుకు నాలుగైదు సార్లు అలవాటు చేసుకోవాలి. ఆయాసం ముంచుకొచ్చాక నేర్చుకుందామంటే టెన్షన్‌లో ఏదీ గుర్తుకురాదు.

ఆయాసం వస్తే కుర్చీలో కూర్చుని ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి ఈ పద్ధతిలో ఊపిరి వదలాలి. బయట ఉంటే అరుగుకో, ఆగి ఉన్న స్కూటర్ సీటుకో చేతులు ఆనించి వంగితే చాలు. వెల్లకిలా పడుకోబెట్టకండి. ముఖానికి తగిలేలా ఫ్యానో విసనకర్రో ఉంటే నిజంగానే హాయిగా ఉంటుంది.

2. పంపు వాడకం సరిచూసుకోండి

"పంపు అలవాటైతే మానలేం" అన్న మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. పంపు మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది కాబట్టి మాత్రల కన్నా చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. అసలు బెడద అలవాటు కాదు, తప్పుగా కొట్టుకోవడం. మందంతా గొంతులో పడిపోయి "పని చేయట్లేదు" అనుకుంటారు.

నొక్కే పంపు అయితే స్పేసర్, అంటే పంపుకూ నోటికీ మధ్య తగిలించే బోలు గొట్టం, అడిగి తీసుకోండి. వాడే తీరు ఇదీ:

- నిటారుగా కూర్చోండి. పంపును బాగా ఊపి స్పేసర్‌కు తగిలించండి.
- ముందు ఊపిరి మెల్లగా పూర్తిగా వదలండి. చాలామంది మరిచిపోయేది ఇదే.
- స్పేసర్ మూతిని పెదాలతో బిగించి, ఒక్కసారి నొక్కి, నెమ్మదిగా లోతుగా పీల్చండి.
- పది లెక్కపెట్టేదాకా, లేదా ఆపగలిగినంతసేపు, ఊపిరి ఆపండి.
- రెండో పఫ్ ఉంటే అర నిమిషం, నిమిషం ఆగి మళ్లీ ఊపి నొక్కండి. రెండూ ఒకేసారి నొక్కొద్దు.

క్యాప్సూల్ పెట్టి పీల్చే పరికరమైతే తీరు వేరు. అందులో పొడి ఉంటుంది కాబట్టి గట్టిగా, వేగంగా పీల్చాలి. ఆ క్యాప్సూల్‌ను మాత్ర అనుకుని నీళ్లతో మింగేసేవాళ్లు ఉన్నారు, ఇంట్లో పెద్దవాళ్లను ఓ కంట కనిపెట్టండి. స్టెరాయిడ్ ఉన్న పంపు వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత, పుండ్లు రావచ్చు. స్పేసర్‌ను సబ్బునీళ్లతో కడిగి గాలికి ఆరనివ్వండి, గుడ్డతో తుడవకండి.

రోజూ వాడాల్సిన పంపు ఏది, ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే వాడేది ఏది అన్నది డాక్టర్‌ని అడిగి, వాటి మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. బాగున్నామని రోజువారీది మానేయడం అందరూ చేసే పొరపాటు. మేమూ చేశాం.

3. స్నానం, బట్టలు, మెట్లు

సీఓపీడీ ఉన్నవాళ్లను స్నానం కూడా బాగా అలసిపోయేలా చేస్తుందంటే నమ్మరు. చేతులు పైకెత్తడం, నడుము వంచడం, మూసిన గదిలో వేడినీళ్ల ఆవిరి, మూడూ ఒకేసారి. ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని స్నానం చేయండి. నీళ్లు గోరువెచ్చగా చాలు. తలుపు గడియ పెట్టొద్దు. పాదాలు రుద్దడానికి వంగకుండా ఒక కాలు రెండో మోకాలి మీద పెట్టుకోండి. ఒళ్లు తుడుచుకునే బదులు పెద్ద తువ్వాలు కప్పుకుని కాసేపు కూర్చుంటే అదే ఆరిపోతుంది.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ మాట్లాడరు. గొంతుక్కూర్చుని ముక్కితే ఊపిరి బిగుసుకుపోతుంది. కూర్చునే కమోడ్ పెట్టించండి, కుదరకపోతే కమోడ్ కుర్చీ దొరుకుతుంది. మలబద్ధకం రాకుండా చూసుకోండి.

ఏ పనికైనా సూత్రం ఒకటే: కష్టపడే క్షణంలో ఊపిరి వదలాలి. బిందె ఎత్తేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు వదలండి. మెట్ల దగ్గర నిలబడి పీల్చి, వదులుతూ ఒకటో రెండో మెట్లు ఎక్కి, ఆగి మళ్లీ పీల్చండి. కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం కూర్చునే చేయొచ్చు. అమ్మ ముగ్గు మానలేదు. పీట మీద కూర్చుని, పిండి దుమ్ము లేకుండా చాక్‌పీసుతో గడప ముందు చిన్నది వేస్తుంది.

తిరుమల నడకమెట్ల మొక్కు ఉంటే? అలిపిరి దారిలో మూడు వేల అయిదొందల దాకా మెట్లున్నాయి. బస్సులో వచ్చినవాళ్లను స్వామి తిప్పి పంపడు.

4. ఇంట్లో పొగ తగ్గించండి

పొగతాగేవాళ్లు మానడమే మొదటి మందు. సొంతంగా మానడం చేతకాకపోతే 1800 11 2356కు ఫోన్ చేయండి, పొగాకు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత లైన్ అది. ఇంట్లో మిగతావాళ్లు కాల్చేదీ జబ్బు మనిషి ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

గ్యాస్ వచ్చినా నీళ్లు కాచడానికి పెరట్లో కట్టెలు వాడే ఇళ్లు ఎన్నో. ఆ పని వేరేవాళ్లు చేయాలి. దోమల చుట్టకు బదులు దోమతెర కట్టండి. సాంబ్రాణి, అగరుబత్తి, ఎండుమిర్చి పోపు ఘాటు, చీపురుతో లేచే దుమ్ము, భోగి మంట, దీపావళి రాత్రి, వీటికి దూరంగా ఉండాలి. "ఒక్క అగరుబత్తికే ఏమవుతుంది" అని చుట్టాలు అంటారు. అననివ్వండి.

5. తిండి, నడక, టీకాలు

కడుపు నిండుగా తింటే పొట్ట పైకి తన్ని ఊపిరికి చోటు తగ్గుతుంది. మూడు పూటల భోజనాన్ని ఐదారుసార్లుగా కొంచెం కొంచెం తినండి. బరువు తగ్గిపోతుంటే గుడ్డు, పప్పు, పెరుగు పెంచండి.

ఆయాసానికి భయపడి మంచం పట్టడమే చెడ్డ పని. కదలకపోతే కాళ్ల కండ కరుగుతుంది, కరిగిన కాళ్లతో నాలుగడుగులకే మరింత ఆయాసం. డాక్టర్‌ని అడిగి, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో రోజూ నడవండి. వసారాలో ఐదు నిమిషాలతో మొదలుపెట్టినా ఫరవాలేదు. ఏటా వేయించుకునే ఫ్లూ టీకా గురించి, న్యుమోనియా టీకా గురించి కూడా అడగండి.

6. ఇంట్లో ఆక్సిజన్ పెట్టమంటే

ఇది అందరికీ అవసరం లేదు. అవసరమైనవాళ్లకు సాధారణంగా రోజుకు కనీసం 15 గంటలు పెట్టమంటారు, ఆయాసం వచ్చినప్పుడు పది నిమిషాలు పెట్టి తీసేస్తే ఉపయోగం ఉండదు. ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చే మిషన్ కరెంటుతో నడుస్తుంది, కాబట్టి కరెంటు పోతే వాడటానికి సిలిండర్ సిద్ధంగా ఉండాలి. ఆ గదిలో దీపం, అగ్గిపుల్ల, బీడీ ఏవీ వద్దు. దేవుడి పటాలు అక్కడుంటే పక్క గదిలోకి మార్చండి.

డాక్టర్ రాసిన లీటర్లు సొంతంగా పెంచకండి. కొందరిలో ఆక్సిజన్ ఎక్కువైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్ముతుంది. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఇప్పుడు పనికొస్తుంది, కానీ అప్పటి అంకెలతో పోల్చి కంగారుపడొద్దు. ఇలా మగత వచ్చే ప్రమాదం ఉన్న సీఓపీడీ రోగులకు ఆక్సిజన్ పెట్టినప్పుడు ఆక్సీమీటర్ అంకెను 88 నుంచి 92 శాతం మధ్య ఉంచడమే డాక్టర్ల లెక్క. మీకెంత ఉండాలో అడిగి రాయించుకోండి.

7. ఎప్పుడు పరుగెత్తాలి?

మామూలు కన్నా ఆయాసం పెరిగినా, కళ్లె ఎక్కువైనా, అది పసుపుగానో పచ్చగానో మారినా అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. రెండ్రోజులు చూద్దామని ఆగొద్దు. ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే, పెదాలు నీలంగా మారితే, మనిషి మత్తుగానో అయోమయంగానో ఉంటే 108కి ఫోన్ చేయండి.

అంబులెన్స్ వచ్చేలోపు పంపులన్నీ, మందుల చీటీ ఒక సంచిలో వేసుకోండి. మా ఇంట్లో ఆ సంచి తలుపు వెనక మేకుకు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. సిబ్బంది రాగానే మొదట చెప్పాల్సిన మాట "ఈమెకు సీఓపీడీ ఉంది" అని. ఆక్సిజన్ ఎంత పెట్టాలో వాళ్లు ఆ మాటను బట్టే చూసుకుంటారు.