ప్లాస్మా టార్చ్ మోడల్‌ని చల్లటి గ్యాస్‌తో మొదలుపెట్టకండి

వైజాగ్‌లో ప్లాస్మా టార్చ్ (కరెంటుతో గ్యాస్‌ని విపరీతంగా వేడెక్కించే పరికరం) మీద ప్రాజెక్టు చేస్తున్న ఇంజినీరింగ్ పిల్లలకి ఈ చిట్కా చాలా టైమ్ ఆదా చేస్తుంది. ఆర్గాన్ మొత్తాన్ని 300 కెల్విన్ దగ్గర ఉంచి సిమ్యులేషన్ రన్ చేస్తే కరెంటు పారదు, ఎందుకంటే 5,000 కెల్విన్ లోపు ఆ గ్యాస్‌కి విద్యుత్ వాహకత దాదాపు సున్నా, దాంతో లెక్కలు చేసే ప్రోగ్రామ్, అంటే సాల్వర్, చేతులెత్తేస్తుంది. క్యాథోడ్ కొన నుంచి ఆనోడ్ దాకా సన్నటి దారి ఒకటి గీసి, అందులో 10,000 కెల్విన్ ఇచ్చి మొదలుపెట్టండి, తర్వాత ఆర్క్ (గ్యాస్‌లోంచి కరెంటు పారే మెరిసే దారి) తన రూపం తనే తెచ్చుకుంటుంది. మెష్ (లెక్క కోసం స్థలాన్ని విడగొట్టే గడుల వల) అంతటా సన్నగా అక్కర్లేదు గానీ క్యాథోడ్ కొన దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

ఫలితం సరైనదో కాదో అసలు టార్చ్‌ని చల్లబరిచే కూలింగ్ వాటర్ చెబుతుంది. నిమిషానికి 6 లీటర్లు పారుతూ 10 డిగ్రీలు వేడెక్కితే నీళ్లు దాదాపు 4.2 కిలోవాట్లు తీసుకెళ్తున్నట్టే, మోడల్‌లో నీళ్లతో చల్లబడే గోడలకి చేరే వేడి ఆ దరిదాపుల్లో ఉండాలి. తక్కువొస్తే ముందు ఎలక్ట్రోడ్లకి (క్యాథోడ్, ఆనోడ్‌లకి) ఆనుకుని ఉండే సన్నటి పొరలో పుట్టే వేడిని కలిపారో లేదో చూడండి, మామూలు మోడల్ దాన్ని పట్టుకోదు. గాజువాక షెడ్లలో మే నెలలో ట్యాంకు నీళ్లే కాగిపోయి వస్తాయి, అందుకే నీళ్లు లోపలికెళ్లే చోట కూడా ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ ఒకటి పెట్టండి.