గుల్మార్గ్ టికెట్ తీసే ముందు మంచు లెక్క

విజయనగరంలో మాకు నవంబరంటే తుపాను కబుర్లే. ఆ అలవాటుతోనే, స్కీయింగ్‌కి వెళ్లే ముందు కశ్మీర్‌లోని గుల్మార్గ్ మంచు కబుర్లూ చూస్తాను. ముందు వెస్టర్న్ డిస్టర్బెన్స్, అంటే పడమటి నుంచి వానా మంచూ మోసుకొచ్చే వాతావరణ వ్యవస్థ, వస్తోందా చూడండి. డిసెంబరులో అక్కడ మంచు తెచ్చేది ఎక్కువగా అదే. ఇన్ని సెంటీమీటర్ల మంచు పడుతుందని పది రోజుల ముందు చెప్పే అంచనాలు నమ్మొద్దు, మూడు రోజుల్లోపువే చూడండి.

అసలు సంగతి సున్నా డిగ్రీల ఎత్తు, అంటే గాలి చలి సున్నా డిగ్రీలకు దిగే ఎత్తు. అది 3,000 మీటర్ల దగ్గరుంటే, సుమారు 2,650 మీటర్లలో ఉన్న గుల్మార్గ్‌లో వానో, తడి మంచో. పైన అఫర్వత్ కొండ మీద మాత్రం మంచే. అంచనాలో 10 మిల్లీమీటర్ల నీరంటే, ఉరమరగా 10 సెంటీమీటర్ల మంచు. చలి ఎక్కువైతే ఇంకా పొంగుతుంది, మన మరమరాల్లా.

తొలి మంచు కింద రాళ్లుంటాయి. పదిహేను సెంటీమీటర్లు పడిందని మురిసి దిగాను. స్కీ అడుగున జానెడు గీత, స్కీలు అద్దెకిచ్చినవాడికి నేను కట్టిన జరిమానా.