ప్రయాణికుల రైళ్లకు ప్రభుత్వ నిధులు: వాదనను తూచే పద్ధతి

అమెరికాలో ప్రయాణికుల రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థకు ప్రభుత్వం డబ్బు ఇవ్వాలా వద్దా అన్న చర్చలోకి దిగే ముందు, సంస్థ మొత్తం నష్టమెంత అన్న ఒక్క అంకెను పక్కన పెట్టండి. అది నిజమే అయినా ఏ రైలు ఎందుకు నష్టపోతోందో చెప్పదు. ప్రైవేటు కంపెనీలు వదిలించుకోవాలనుకున్న ప్రయాణికుల సర్వీసులను నడపడానికే 1971లో ఆ సంస్థ పని మొదలుపెట్టింది.

తర్వాత మార్గాలను విడదీయండి. వాషింగ్టన్ నుంచి బోస్టన్ వరకున్న ఈశాన్య కారిడార్‌లో రాబడి సాధారణంగా రోజువారీ నిర్వహణ ఖర్చును మించుతుంది. 750 మైళ్ల లోపు ఉన్న ఇతర మార్గాల ఖర్చులో వాటాను 2008 నాటి చట్టం ప్రకారం రాష్ట్రాలు భరిస్తాయి. చికాగో నుంచి సియాటిల్ దాకా రెండు రాత్రులు నడిచే ఎంపైర్ బిల్డర్ వంటి దూరప్రాంత రైళ్ల లోటు మాత్రం ఫెడరల్ ఖజానాపై పడుతుంది. అసలు తగువంతా ఇక్కడే. ఆ రైలు ఆగే ఉత్తర మోంటానా ఊళ్లకు వేరే ఏ ప్రయాణ సదుపాయముందో చూడకుండా లాభనష్టాలు తేల్చకండి.

నిర్వహణ ఖర్చునూ పెట్టుబడినీ కలిపేయకండి. ఈశాన్య కారిడార్‌లోని బాల్టిమోర్ నగరం కింద 1873లో తెరిచిన సొరంగానికి బదులు కొత్తది తవ్వే ఖర్చు టికెట్ల డబ్బుతో తేలేది కాదు. రోడ్లు తమ ఖర్చు తామే భరిస్తాయని ఎవరైనా అంటే, ప్రధానంగా ఇంధన పన్నులతో నడవాల్సిన రహదారుల నిధికి 2008 నుంచి సాధారణ ఖజానా నుంచి పలుమార్లు డబ్బు మళ్లించారని గుర్తుచేయవచ్చు.

ఈశాన్యం బయట పట్టాలు ఎక్కువగా సరకు రవాణా కంపెనీలవే కనుక, రైళ్ల ఆలస్యాలకు బాధ్యులు ఆమ్‌ట్రాకా, ఆ కంపెనీలా అన్నది మార్గాల వారీగా పరిశీలించాకే నిధులు పెంచాలో తగ్గించాలో నిర్ణయించుకోండి.