బాస్క్ మాడ్ చేద్దాం - 4వ పాఠం: పేర్ల ఫైలు

మాడ్ అంటే ఉన్న ఆటను మనకు నచ్చినట్టు మార్చుకోవడం. పోయిన పాఠంలో స్పెయిన్, ఫ్రాన్స్ మధ్య ఉన్న పిరనీస్ కొండలకు దక్షిణాన వాస్కోనులకు, అంటే నేటి బాస్క్ ప్రజల పూర్వీకులుగా భావించే తెగకు, మ్యాప్‌లో చోటు ఇచ్చాం. ఇప్పుడు వాళ్ల సేనానులకు పేర్లు పెట్టాలి. ఆట మనం మొదట్నుంచీ వాడుతున్నదే, 2004 నాటి కంప్యూటర్ ఆట ‘రోమ్: టోటల్ వార్’.

డేటా ఫోల్డర్‌లో డిస్క్ర్-నేమ్స్ అనే టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ముందు దాని కాపీ ఒకటి దాచుకోండి. అందులో ప్రతి వర్గం కిందా మగవాళ్ల పేర్లు, ఆడవాళ్ల పేర్లు వేరువేరుగా ఉంటాయి. పేర్లను రోమన్ లిపిలోనే రాయాలి. ఉచ్చారణ తెలియడానికి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

బాస్క్ అనగానే చాలామంది ఇన్యాకీ అని పెట్టేస్తారు. అది ఇగ్నేషియస్ అనే క్రైస్తవ పేరుకు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తయారైన బాస్క్ రూపం. మన ఆటేమో క్రీ.పూ. 270లో మొదలవుతుంది!

మరి పాత పేర్లు ఎక్కడ దొరుకుతాయి? కొండలకు ఉత్తరాన ఉన్న, బాస్క్‌కు పాత రూపం లాంటి భాష మాట్లాడిన అక్విటానులు రోమన్ల కాలంలో చెక్కించిన సమాధిరాళ్ల మీద, దేవతలకు అర్పించిన రాళ్ల మీద. రాత లాటిన్‌లో ఉన్నా పేర్లు మాత్రం వాళ్లవే. కిసోన్ అనే పేరు చూడండి, నేటి బాస్క్‌లో గిజోన్ అంటే మగవాడు. నెస్కాటో అంటే ఇప్పటికీ అమ్మాయే. ఆండెరె స్త్రీ. సెంబె అనే ముక్కలో సెమె, అంటే కొడుకు, వినిపిస్తుంది. నాకైతే మొత్తం మాడ్‌లో ఇష్టమైన పని ఇదే. ఈ రాళ్లు ఆట మొదలయ్యే కాలానికి కొన్ని వందల ఏళ్ల తర్వాతివే. అయినా ఇన్యాకీ కంటే ఎంతో నయం.

మగ పేర్లు చాలకపోతే, క్రీ.పూ. 89 నాటి ఒక కంచు ఫలకం ఉంది. రోమ్ తరఫున పోరాడి పౌరసత్వం పొందిన 30 మంది ఆశ్వికుల పేర్లు దాని మీద ఉన్నాయి. వాళ్లది స్పెయిన్‌లోని ఎబ్రో నది ప్రాంతం. ఎక్కువ పేర్లు ఐబీరియన్ అనే వేరే భాషవి కాబట్టి నాలుగైదు తీసుకుంటే చాలు.

పేర్లు ఎక్కించాక టెక్స్ట్ ఫోల్డర్‌లోని నేమ్స్ ఫైల్లో కూడా అవే పేర్లు చేర్చండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా గొడవే. దాన్ని యూనికోడ్‌గానే సేవ్ చేయండి. ఆట మొదట్లో ఎవరు ఎక్కడ ఉంటారో చెప్పే డిస్క్ర్-స్ట్రాట్ ఫైల్లో మీరు నిలబెట్టిన ప్రతి సేనాని పేరూ ఈ జాబితాలో ఉండి తీరాలి.

అన్నట్టు, రాజధానికి పొంపేలో అని పెట్టినవాళ్లు వెంటనే మార్చండి. ఆ ఊరికి పేరు క్రీ.పూ. 75-74 చలికాలంలో అక్కడ దిగిన రోమన్ సేనాని పాంపే వల్ల వచ్చింది. శాతవాహనుల ఆటలో హైదరాబాద్ కనిపించినట్టు ఉంటుంది.

ఈ వారం పని: పన్నెండు మగ పేర్లు, ఆరు ఆడ పేర్లు ఎక్కించి, కొత్త క్యాంపెయిన్ తెరిచి కుటుంబ వృక్షం చూడండి. వచ్చే పాఠంలో సైన్యం.