బ్యాటరీ ధర అడిగే ముందు ఆంప్స్ లెక్క వేసుకోండి

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఈ-సైకిల్ కట్టే కుర్రాళ్లు నా బెంచి దగ్గరికి వచ్చి అడిగే మొదటి మాట, "అన్నా, 36 వోల్టులు 10 ఏహెచ్ ప్యాక్ ఎంత?" మోటారు ఎన్ని ఆంప్స్ లాగుతుందిరా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, ప్యాక్‌లో ఎంత ఛార్జి నిల్వ ఉంటుందో చెప్పే లెక్క. దాన్ని బట్టి బండి ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కుతుందో లేదో తెలియాలంటే డిశ్చార్జి కరెంటు, అంటే ప్యాక్ ఎన్ని ఆంప్స్ ఇవ్వగలదో చూడాలి.

చక్రం మధ్యలో ఉండే 250 వాట్ల హబ్ మోటారునే తీసుకోండి. 250ని 36తో భాగిస్తే 7 ఆంప్స్ వస్తాయి, చాలామంది లెక్క అక్కడితో అయిపోతుంది. కానీ ఆ 250 వాట్లు మోటారు చక్రానికి ఇచ్చేవి. బ్యాటరీ నుంచి గుంజేది అంతకంటే ఎక్కువే. పైగా ప్యాక్ ఖాళీ అయ్యేకొద్దీ 42 వోల్టుల నుంచి 30కి దిగుతుంది, వోల్టులు తగ్గితే కరెంటు పెరుగుతుంది. 80 శాతం ఎఫిషియెన్సీ అనుకున్నా చివర్లో 10 ఆంప్స్ దాటుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడైతే కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటారుకి కరెంటు పంపే డబ్బా) తన లిమిట్ దాకా లాగేస్తుంది. అందుకే మోటారు స్టిక్కర్ వదిలేసి కంట్రోలర్ స్టిక్కర్ చదవండి. దాని మీద 15 ఆంప్స్ అని ఉంటే మీకు కావాల్సిన కంటిన్యువస్ కరెంటు, అంటే ప్యాక్ ఆగకుండా ఇవ్వాల్సిన కరెంటు, 15.

నమ్మకం కుదరకపోతే క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ బిగించి కరెంటు కొలిచేది) తెచ్చి బ్యాటరీ ఎర్ర వైరుకి తగిలించండి. మ్యాక్స్ బటన్ నొక్కి, మీటర్‌ని హ్యాండిల్‌కి టేపుతో చుట్టి, పెడల్ తొక్కకుండా ఎత్తు ఎక్కి రండి. చవక క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, డీసీ ఉన్నదే అడిగి తీసుకోండి.

ఇప్పుడు సెల్ సంగతి. పది సిరీస్, నాలుగు ప్యారలల్ ప్యాక్ (నాలుగేసి సెల్స్ పక్కపక్కన కలిపిన గుంపులు పది, ఒకదాని తర్వాత ఒకటి) అయితే 15 ఆంప్స్ నాలుగు సెల్స్‌కి పంచుకుని ఒక్కోదానికి 3.75 పడుతుంది. శాంసంగ్ 35ఈ సెల్ 3500 ఎంఏహెచ్, కంటిన్యువస్ 8 ఆంప్స్ ఇస్తుంది. అదే కంపెనీ 25ఆర్ 2500 ఎంఏహెచే, కానీ 20 ఆంప్స్ ఇస్తుంది. సైకిల్‌కి ఒక్కో సెల్ నుంచి 3.75 చాలు కాబట్టి నేనైతే 35ఈ వేస్తాను. ఎక్కువ కరెంటు లాగే డ్రిల్లు లాంటివాటికి 25ఆర్ వేస్తాను. అమ్మేవాడు చెప్పే నంబరు కంటిన్యువస్సా, పీకా అని మాత్రం గట్టిగా అడగాలి. పీక్ అంటే కొన్ని సెకన్ల ముచ్చటే.

పాత ల్యాప్‌టాప్ సెల్స్‌తో కట్టేద్దాం అనేవాళ్లు ఉంటారు. వాటి ఇంటర్నల్ రెసిస్టెన్స్ (సెల్ లోపలే కరెంటుకి ఎదురయ్యే అడ్డు) ఒక్కోదానికి 100 మిల్లీఓమ్స్ ఉందనుకోండి. నాలుగు ప్యారలల్‌లో 25, పది సిరీస్‌కి 250 అవుతుంది. 15 ఆంప్స్ లాగగానే 3.75 వోల్టులు అక్కడే పడిపోతాయి. బండి ఆగి ఉన్నప్పుడు 33 వోల్టులు చూపించే ప్యాక్ ఎత్తు దగ్గర 30 కిందికి జారుతుంది, కంట్రోలర్ కట్ చేస్తుంది. ఛార్జింగ్ ఉంది కదా, ఎందుకు ఆగింది అని అప్పుడు తల పట్టుకుంటారు.

బీఎమ్‌ఎస్ (ప్యాక్‌ని కాపాడే సర్క్యూట్ బోర్డు) 20 ఆంప్స్‌ది వేయండి, సరిగ్గా 15ది వద్దు. సిరీస్ కలిపే నికెల్ పట్టీ ఒక్కటే ఉంటే సరిపోదు, ప్యారలల్‌లో ఉన్న ప్రతి సెల్ దగ్గర నుంచీ ఒక పట్టీ తర్వాతి గుంపుకి వేయండి.

రేపర్ మీద 9900 ఎంఏహెచ్ అని ఉన్న 18650 (ఈ ప్యాకుల్లో వాడే గుండ్రటి సెల్ సైజు పేరు) కనబడితే చేత్తో కూడా ముట్టుకోవద్దు. మంచి కంపెనీల సెల్స్‌లో కూడా ఆ సైజులో 3500 దాటి పెద్దగా రాదు. అసలు సెల్ సుమారు 43 నుంచి 50 గ్రాముల దాకా తూగుతుంది, అనుమానం వస్తే అక్కడే కాటాలో వేయమనండి.