సోషియాలజీలో పీహెచ్‌డీ కోసం హైదరాబాదు వచ్చినవాళ్ళకు

విజయనగరం నుంచి వచ్చి నాంపల్లి స్టేషన్లో దిగిన రోజు నా దగ్గర ఒక సూట్‌కేసు, మా అమ్మ కట్టిన ఆవకాయ జాడీ, ఇంట్లో కూర్చుని రాసిన పన్నెండు పేజీల రీసెర్చ్ ప్రపోజల్ ఉన్నాయి. ఆవకాయ రెండు నెలలు వచ్చింది. ప్రపోజల్ పది నిమిషాలు కూడా నిలబడలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. జిల్లాల నుంచి వచ్చినవాళ్ళకీ, మస్కట్‌లోనో లండన్‌లోనో చదివి ఇప్పుడు ఇక్కడ పీహెచ్‌డీ చేద్దామని వస్తున్నవాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఊరి లెక్క. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గచ్చిబౌలిలో, ఉస్మానియా తార్నాకలో. ఒకటి పడమటి కొస, ఇంకొకటి తూర్పు వైపు. ఉస్మానియాకి మెట్రో తార్నాక దాకా వస్తుంది. సెంట్రల్ యూనివర్సిటీకి మెట్రో లేదు. రాయదుర్గంలో దిగి బస్సో ఆటోనో పట్టాలి, లేదా ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో లింగంపల్లి వెళ్ళి అక్కణ్ణుంచి వెనక్కి రావాలి. గచ్చిబౌలిలోనే ఉన్న మౌలానా ఆజాద్ యూనివర్సిటీలోనూ సోషియాలజీ ఉంది, కాకపోతే అక్కడ చదువు ఉర్దూలో. గది చూసుకునే ముందు ఏ క్యాంపస్ చుట్టూ తిరగబోతున్నారో తేల్చుకోండి. కోచింగ్ కోసమని అమీర్‌పేటలో దిగిపోతే రెండిటికీ దూరమే. ఆడపిల్లలకు ఒక మాట: సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణానికి తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. మాలాగా ఆంధ్రా ఆధార్‌తో వచ్చినవాళ్ళు టికెట్ కొనాల్సిందే.

కాగితాల పని మొదటి వారంలోనే మొదలుపెట్టండి. చదివిన యూనివర్సిటీ నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఓబీసీ వాళ్ళు కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. మామూలు బీసీ సర్టిఫికెట్ కేంద్ర విశ్వవిద్యాలయంలో చెల్లదు. పైగా రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండదు. ఇది చివరి రోజున తెలిసి ఏడ్చినవాళ్ళని చూశాను. ఇది సొంత మండలంలో తెచ్చుకోవాల్సిన కాగితం, కాబట్టి ఊళ్ళో ఉండగానే అప్లై చేయండి. విదేశీ డిగ్రీ ఉంటే దానికి సమానత్వ ధ్రువపత్రం కావాలి. మన దగ్గర పీజీ రెండేళ్ళు కాబట్టి బ్రిటన్ ఏడాది మాస్టర్స్‌తో పెద్ద తలనొప్పి ఉండేది. 2022 జులైలో రెండు దేశాలూ పరస్పర గుర్తింపు ఒప్పందం చేసుకున్నాక ఆ మెలిక వదులైంది, కానీ కాగితం మాత్రం కాగితమే.

అర్హత గురించి క్లుప్తంగా. 2022 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు. నాలుగేళ్ళ డిగ్రీ చేసినవాళ్ళు 75 శాతంతో పీజీ లేకుండానే రావచ్చు. ఎంఫిల్ ఇప్పుడు లేదు. యూజీసీ పెట్టే జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండోది సోషియాలజీ 100 ప్రశ్నలు, మొత్తం మూడు గంటలు, మైనస్ మార్కులు లేవు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. 2024 జూన్ నుంచి జేఆర్ఎఫ్ (నెట్‌లో పై మార్కులు వచ్చినవాళ్ళకి ఇచ్చే ఫెలోషిప్) రానివాళ్ళకీ నెట్ స్కోరుతో పీహెచ్‌డీ ప్రవేశం సాధ్యమైంది. అప్పుడు స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. "పీహెచ్‌డీకి మాత్రమే" అర్హత వచ్చినవాళ్ళ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. ఉస్మానియాలో ఫెలోషిప్ ఉన్నవాళ్ళని కేటగిరీ ఒకటిగా, ఎంట్రన్స్ రాసి వచ్చేవాళ్ళని కేటగిరీ రెండుగా పిలుస్తారు. మిగతాది నోటిఫికేషన్‌లో చదువుకోండి, కోచింగ్ సెంటర్ పాంప్లెట్‌లో కాదు.

అసలు విషయం గైడు. సీటంటే మనం డిపార్ట్‌మెంటులో సీటు అనుకుంటాం. పీహెచ్‌డీలో మాత్రం సీటు ఒక మనిషి దగ్గర ఉంటుంది. ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మించి తీసుకోకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్ళ లోపు ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళని తీసుకోకూడదు. కాబట్టి మీకు నచ్చిన పెద్దాయన దగ్గర ఖాళీ ఉందో లేదో ముందు కనుక్కోవాలి. సిగ్గుపడకుండా డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడగండి, సీనియర్ అన్నల్నీ అక్కల్నీ క్యాంటీన్లో పట్టుకోండి. ఒక టీ చాలు.

శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఆ గైడు దగ్గర పూర్తయిన థీసిస్‌లు ఉంటాయి. మూడు దించుకుని చదవండి. మొదట కృతజ్ఞతల పేజీ చదవమంటాను, నవ్వకండి. ఏ విద్యార్థి మనసు పెట్టి రాశాడో, ఏ విద్యార్థి తప్పక రాశాడో రెండు వాక్యాల్లో తెలిసిపోతుంది. తర్వాత చివర ఉన్న రిఫరెన్సులు చూడండి: ఆయన ఎవర్ని చదివిస్తారు, ఫీల్డులోకి పంపిస్తారా, లెక్కల పట్టికలు చేయిస్తారా అన్నది అక్కడ కనిపిస్తుంది. ఇవి చూశాకే మెయిల్ రాయండి. మెయిల్ నాలుగు పేరాలు దాటకూడదు. "తమరి అమూల్యమైన మార్గదర్శకత్వం" లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయండి, మూడోసారి వద్దు.

ఇక నా ప్రపోజల్ కథ. దాని పేరు "హైదరాబాద్ నగరంలో వలస కార్మికుల సామాజిక, ఆర్థిక సమస్యలు". ఇంటర్వ్యూలో ఒక మేడమ్ చదివి అడిగింది: "ఇది టాపిక్ అమ్మా. ప్రశ్న ఏది?" నేను సమస్యలన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ చేత్తో ఆపి, "పొద్దున ఆరింటికి లేబర్ అడ్డా ఎప్పుడైనా చూశావా?" అంది. చూడలేదు. ఆ ఏడాది సీటు రాలేదు, న్యాయంగానే రాలేదు.

తర్వాతి ఏడాదంతా పొద్దున్నే అడ్డాల దగ్గర, అంటే రోజుకూలీలు పని కోసం ఎదురుచూసే కూడళ్ళ దగ్గర నిలబడ్డాను. తాపీ పనికి వచ్చినవాళ్ళు ఒక పక్క, మట్టి పనికి వచ్చినవాళ్ళు ఇంకో పక్క నిలబడతారు. ఆడవాళ్ళని ఎవరు పిలుస్తారో, ఎంత తగ్గించి పిలుస్తారో అక్కడే కనబడుతుంది. పాలమూరు లేబర్ అనే మాట ఒకప్పుడు దేశమంతా తెలుసు. ఇప్పుడు అదే అడ్డాలో ఒడియా, హిందీ వినిపిస్తాయి. అప్పుడు నా ప్రశ్న దానంతటదే చిన్నదైంది: ఆ రోజు కూలి రేటు ఎవరు పలుకుతారు, మేస్త్రీనా, ముందు వచ్చినవాడా, ఎక్కడినుంచి వచ్చాడన్నదా? ఈసారి ప్రపోజల్ ఐదు పేజీలు. పన్నెండు పేజీల్లో లేనిది ఐదు పేజీల్లో ఉంది.

అందుకే కొత్తగా వచ్చినవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: ఊరు చూడకుండా ప్రపోజల్ రాయొద్దు. ఈ ఊళ్ళో సోషియాలజీకి ఆ అలవాటు పాతదే. ఉస్మానియాలో పాఠం చెప్పిన ఎస్.సి. దూబే దగ్గర్లోని శామీర్‌పేట వెళ్ళి ఆ ఊరిని అధ్యయనం చేశారు. దాన్నుంచి 1955లో వచ్చిన "ఇండియన్ విలేజ్" ఇప్పటికీ సిలబస్‌లో ఉంది. మీరు నెట్ కోసం ఎలాగూ బట్టీ పడతారు కదా, ఒక ఆదివారం బస్సెక్కి శామీర్‌పేట వెళ్ళి రండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఆ ఊరు ఇప్పుడెలా ఉందో చూస్తే పుస్తకం ఇంకోలా చదువుతారు.

తిరిగాక కూర్చోవడానికి చోట్లు ఉన్నాయి. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, బేగంపేటలో సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం) లైబ్రరీ. చరిత్ర వైపు వెళ్ళే ప్రశ్నయితే తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్. నిజాం కాలం రికార్డుల్లో ఎక్కువ భాగం ఉర్దూ, పార్శీల్లో ఉంటుంది. ఉర్దూ లిపి మూడు నెలల్లో పట్టుబడుతుంది. మా వైపు నుంచి వచ్చినవాళ్ళు "మనకెందుకులే" అంటారు, తర్వాత బాధపడతారు. మీరు ఎక్కడ పెరిగినా సరే, ఇంకో భాష వస్తే ఫీల్డులో ఇంకో తలుపు తెరుచుకున్నట్టే.

డబ్బు సంగతి. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. జేఆర్ఎఫ్‌కి వయసు 30 దాటకూడదు, ఆడవాళ్ళకీ రిజర్వేషన్ వర్గాలకీ ఐదేళ్ళ సడలింపు ఉంది. జేఆర్ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే నాన్ నెట్ ఫెలోషిప్ నెలకి 8,000. దాంతో లింగంపల్లిలో గది, మెస్ రెండూ గడవవు, కాబట్టి హాస్టల్ గురించి చేరిన రోజే అడగండి. ఫెలోషిప్ ఎంతొచ్చినా నెలనెలా టైముకి వస్తుందని నమ్మొద్దు. నా మొదటి డబ్బు ఐదు నెలలకి, మొత్తం ఒకేసారి వచ్చింది. అప్పటిదాకా రూమ్మేట్ అప్పుల పుస్తకంలో నా పేరు మొదటి పేజీలో ఉంది. చేతిలో కనీసం ఆరు నెలల ఖర్చు పెట్టుకుని రండి. గదికి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఖాళీ చేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. సంతకం ఓనరుగారిదే ఉండాలి, వాచ్‌మన్‌ది కాదు.