టేబుల్ టెన్నిస్ బల్ల కొనే ముందు: ఒక టేపు, ఒక స్కేలు, ఒక బంతి

టేబుల్ టెన్నిస్ బల్ల కొనాలనుకున్నవారు నేరుగా విజయవాడ బజార్లయిన బీసెంట్ రోడ్డుకో గవర్నరుపేటకో బయలుదేరకుండా, ముందుగా బల్ల వేయదలచుకున్న చోట టేపు పరిచి చూసుకోవాలి. పూర్తి పరిమాణపు బల్ల ఏ కంపెనీదైనా పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525 మీటర్లు, ఎత్తు 76 సెంటీమీటర్లు ఉంటుంది. మన లెక్కలో 9 అడుగులకు 5 అడుగులు, ఎత్తు రెండున్నర అడుగులు. ఈ కొలత చూసి పడకగదిలో పడుతుందనుకుంటే పొరపాటే. ఆడేవాడు వెనక్కి జరిగి చెయ్యి విసరడానికి అటూ ఇటూ కనీసం ఆరేసి అడుగులు, పక్కలకు మూడున్నర అడుగుల చొప్పున వదలాలి కాబట్టి, 21 అడుగులకు 12 అడుగుల చోటు ఉంటేనే ఆట ఆటలా సాగుతుంది. అంతర్జాతీయ పోటీలకు 14 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు కేటాయిస్తారంటే ఎంత ఖాళీ అవసరమో ఊహించుకోవచ్చు.

విజయవాడలో అపార్ట్‌మెంటు వాసులకు ఇంత చోటు దొరికేది సాధారణంగా సెల్లారులో గానీ అసోసియేషన్ హాలులో గానీ. సెల్లారులో స్తంభాల మధ్య దూరాన్ని, కార్లు తిరిగే దారిని కొలుచుకోవడంతో పాటు నేల వాలును కూడా చూడాలి. కడిగిన నీళ్లు కాలువలోకి పోవడానికి అక్కడ నేలను వాలుగానే వేస్తారు. కాళ్ల అడుగున ఎత్తు సరిచేసుకునే మరలు లేని బల్ల అక్కడ ఎన్నటికీ సమంగా నిలవదు. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. గాలి సంగతి కూడా ముందే ఆలోచించాలి. బంతి బరువు 2.7 గ్రాములే. మే నెలలో ఫ్యాను లేకుండా ఆడడం మన ఊళ్లో ఎవరి తరమూ కాదు గానీ, బల్లకు సరిగ్గా నెత్తిన తిరిగే ఫ్యాను ప్రతి బంతినీ పక్కకు లాగుతుంది. గోడ ఫ్యానును విశ్రాంతి తీసుకునేవారి వైపు తిప్పి పెట్టుకోవడమే మేలు.

చోటు తేలిన తరువాత చూడవలసింది పై పలక మందం. చక్రాలు, రంగు, మడత పెట్టే ఏర్పాటు గురించి దుకాణదారు ఎంతసేపైనా చెబుతాడు గానీ, డబ్బు పెట్టవలసింది పలక మీద. 12 మిల్లీమీటర్ల పలక చిన్నపిల్లల కాలక్షేపానికి తప్ప పనికిరాదని నా అభిప్రాయం. ఇంట్లో సరదాగా ఆడేవారికి 18 లేదా 19 మిల్లీమీటర్లు సరిపోతుంది. రోజూ సాధన చేసేవారు, అపార్ట్‌మెంట్లు, కళాశాలలు 25 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చాలా బల్లలకు పలకను పార్టికల్ బోర్డుతో (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసేది) గానీ ఎండీఎఫ్‌తో (సన్నని చెక్క పీచుతో అలాగే చేసేది) గానీ చేస్తారు. 25 మిల్లీమీటర్ల బల్లలో రెండు పలకల బరువే సుమారు 70 కిలోలు ఉంటుంది, ఇనుప చట్రంతో కలిపితే వంద దాటుతుంది.

మందం విషయంలో మా అసోసియేషన్ ఒకసారి మోసపోయింది. పక్కనుంచి చూస్తే రెండు వేళ్ల మందాన కనిపించిన బల్లను 25 మిల్లీమీటర్లదని చెప్పగా నమ్మి కొన్నాము. బిగించిన తరువాత, నెట్టును బల్లకు పట్టి ఉంచే క్లాంపు పెట్టేచోట వంగి చూస్తే పలక 16 మిల్లీమీటర్లే ఉంది. మిగిలినదంతా అంచు చుట్టూ తిప్పిన ఇనుప పట్టీ. బిల్లులో మందం రాయించుకోలేదు కాబట్టి అడగడానికి నోరు లేకపోయింది. అప్పటి నుంచి ఏ బల్ల చూసినా ముందు కిందికి వంగి, పట్టీ లేని చోట స్కేలు ఆనించి చూడడం నాకు అలవాటైంది.

అదే స్కేలుతో ఇంకొక పరీక్ష కూడా చేయవచ్చు. నిబంధనల ప్రకారం 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి సుమారు 23 సెంటీమీటర్లు పైకి లేవాలి. పిల్లల బడి సంచిలో ఉండే పొడవు స్కేలు 30 సెంటీమీటర్లదే. దానిని బల్ల మీద నిలువుగా పట్టుకుని, పైకొస దగ్గర నుంచి మంచి బంతిని, తోయకుండా వదలండి. మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో, నెట్టు పక్కన, కింద చట్రపు కడ్డీ ఉన్నచోట, లేనిచోట వదిలి చూడండి. మంచి పలక మీద ఎక్కడ వదిలినా ఒకే ఎత్తు లేస్తుంది, ఒకే రకంగా ‘టక్’మంటుంది. ఒకచోట శబ్దం బొంగురుగా వచ్చి బంతి చతికిలబడితే ఆ బల్లను అక్కడే వదిలేయండి. ఆ తరువాత పలక మీద ఒక మూల నుంచి ఎదుటి మూలకు దారం బిగించి లాగితే, ఎక్కడైనా కుంగి ఉంటే దారానికీ పలకకూ మధ్య సందు కనిపిస్తుంది. రంగు నీలమైనా ఆకుపచ్చైనా పరవాలేదు గానీ, ట్యూబులైటు ప్రతిబింబం అందులో కనిపించకూడదు.

వడ్రంగి చేత చౌకగా చేయించుకుందామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మామూలుగా దొరికే ప్లైవుడ్ షీటు 8 అడుగులకు 4 అడుగులు. సగం బల్లకు కావలసింది 5 అడుగులకు నాలుగున్నర. అంటే ఎటు తిప్పి కోసినా అతుకు తప్పదు, ఆ అతుకు మీద పడిన బంతి దారి తప్పకా తప్పదు.

ఇక మన ప్రాంతంలో ఈ బల్లలకు అసలు శత్రువు తేమ. పార్టికల్ బోర్డు అంచులోకి నీరు ఒక్కసారి చేరితే అటుకులు నానినట్టు ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ మామూలు స్థితికి రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్ పరిసరాల్లో కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అటువంటి చోట సెల్లారులో బల్ల పెట్టేవారు, అవసరమైతే పైకి చేర్చడానికి వీలుగా రెండు భాగాలూ విడివిడిగా చక్రాల మీద కదిలే రకాన్నే ఎంచుకోవాలి. నీరు రాకపోయినా, వానాకాలంలో చెమ్మగిల్లే గోడకు బల్లను ఆనించి నిలబెట్టకూడదు. చెదల భయమూ ఉంది. డాబా మీద వేయాలంటే అల్యూమినియం మిశ్రమ పలకతో గానీ వానకు తట్టుకునే రెసిన్ పలకతో గానీ చేసిన బయటి రకపు బల్లే కొనాలి. ఇంటి లోపల వాడే బల్ల మీద టార్పాలిన్ కప్పి డాబా మీద ఉంచితే ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేసరికి అది సామాను పెట్టుకునే బల్లగా మారుతుంది.

డబ్బు ఇచ్చే ముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. పై అంతస్తుకు మోసేది ఎవరు, బిగించేది ఎవరు, ఆ ఖర్చు ధరలో కలిసి ఉందా? సగం బల్ల చిన్న అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టడం కష్టం కాబట్టి మెట్ల మలుపుల్లో కూడా టేపు పెట్టి చూసుకోవాలి, లేకుంటే ట్రక్కు ఆటో ఇంటి ముందు నిలిచాక హమాలీలతో బేరం మన చేతిలో ఉండదు. పలక మందాన్ని, తేమకు ఉబ్బితే హామీ వర్తిస్తుందా లేదా అన్న మాటను బిల్లు మీదే రాయించుకోవాలి. నెట్టు 15.25 సెంటీమీటర్ల ఎత్తు నిలుస్తోందో, క్లాంపు ఆ మందానికి సరిగా పడుతోందో చూడాలి. పిల్లలున్న చోట, నిలబెట్టిన పలక తూలి మీద పడకుండా తాళం గట్టిగా పడుతోందో రెండుసార్లు మడిచి విప్పి పరీక్షించాలి.

ఇంటికి వచ్చిన తరువాత పెద్ద సేవ ఏమీ అక్కరలేదు. గట్టిగా పిండిన తడిబట్టతో తుడిచి, వెంటనే పొడిబట్టతో తుడిస్తే చాలు. అపార్ట్‌మెంటులో ఎవరింట్లోనైనా శుభకార్యం ఉందని తెలిస్తే మాత్రం ముందురోజు రాత్రే బల్లను మడిచి తాళం వేయండి, ఎందుకంటే తెల్లవారేసరికి దాని మీద సాంబారు గిన్నెలు వరుసగా కొలువుతీరి ఉంటాయి.